కదిరి పక్కన తొమ్మిదెకరాల బీడు: మళ్లీ అడవి అవుతుందా?

ఎర్రనేల (చర్చ మొదలుపెట్టినవారు) | మే 18

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

కదిరికి పడమటి దిక్కున మాకు తొమ్మిదెకరాల మెట్ట ఉంది. కొండ మొదలు నుంచి వంక దాకా ఏటవాలుగా దిగుతుంది. తాత రోజుల్లో సగం కొర్ర, సజ్జ, ఉలవ, మిగతా సగం కసువు (గడ్డి). నాయన చేతికి వచ్చేసరికి మొత్తం బుడ్డలే (వేరుశనగ). ముప్పై ఏళ్లు అదే పంట. నాలుగు బోర్లు వేయించాడు. చివరిది ఆరువందల అడుగులు పోయింది, దుమ్ము తప్ప ఏమీ పైకి రాలేదు. ఆ తర్వాత చేను బీడు పడింది. నాయన పోయి రెండేళ్లయింది.

మొన్న గట్టి వాన పడితే గొడుగు పట్టుకుని వెళ్లి చేని మధ్యలో నిలబడ్డాను. పది నిమిషాలకే నీళ్లు ఎర్రగా, చారలు చారలుగా వంకలోకి పరుగు పెట్టాయి. వాన నిలిచాక వేలు గుచ్చి చూస్తే గోరు మునిగేంత లోతు కూడా తడవలేదు. అడుగున పొడి మన్ను, పైన గరుసు. కొండ వైపున్న పై మూడెకరాల్లో గరుసు మరీ ఎక్కువ. చిన్నప్పుడు ఇదే చేలో నాగలి చాలు వెంట నడిస్తే పాదం కూరుకుపోయేది. ఆ మన్ను ఎక్కడికి పోయిందో ఆ రోజు కళ్లారా చూశాను.

ప్లాట్లు వేసి అమ్మడం నాకు ఇష్టం లేదు. ఈ నేల మళ్లీ అడవిలా, గడ్డి, పిట్టలు, జంతువులు ఉన్న చోటులా కావాలని ఉంది. అమ్మ కూడా సరేనంది, కానీ "నీళ్లు మోసి మొక్కలు పెంచే ఓపిక నాకు లేదురా" అని ముందే చెప్పింది. ఏ మొక్కలు నాటాలి? ఎన్ని? ఒక పక్కంతా సర్కారు తుమ్మ కమ్మేసింది. దాన్ని జేసీబీతో పీకించెయ్యనా?

పచ్చతోరణం | మే 18

బ్రదర్, చాలా మంచి ఆలోచన. బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ వెనక మియావాకి పద్ధతిలో చిన్న వనం పెంచాం. చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు, మూడేళ్లలో మనిషి దూరలేనంత దట్టంగా వచ్చింది. మీరూ ఒక ఎకరంతో మొదలుపెట్టండి. మొక్కలకు, డ్రిప్పుకు స్పాన్సర్లను వెతకడం నా పని.

గట్టుమీది తంగేడు | మే 19

ఎర్రనేల గారూ, ఈ ఏడాది ఒక్క మొక్క కూడా కొనకండి. పచ్చతోరణం గారు అన్యథా భావించవద్దు, మీది మంచి మనసు. కానీ లెక్క చూడండి. మీ పద్ధతిలో ఎకరానికి పన్నెండు వేల మొక్కలకు పైనే పడతాయి. మట్టి మార్చాలి, రెండు మూడేళ్లు నీళ్లు పెట్టాలి. ఊరి మధ్య పార్కుకు అది బాగుంటుంది. నాలుగు బోర్లు ఎండిన చేలో ఆ నీళ్లు ఎక్కడివి? పైగా అక్కడ ఎప్పుడూ అంత దట్టమైన అడవి లేదు. మన సీమ కొండల మీద ఉండేది చిట్టడవి. పొదకూ పొదకూ మధ్య ఖాళీ, ఆ ఖాళీలో గడ్డి.

ముందు ఒక పని చేయండి. తెల్లవారుజామున, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, చేనంతా గట్ల వెంట నడవండి. నేలకు అంటుకుని ఉన్న చిన్న చిన్న పొదల్ని వంగి చూడండి. జానెడు ఎత్తులో మేకలు కొరికేసిన గుబురు కనిపిస్తే దాని మొదలు దగ్గర మన్ను కొంచెం తీయండి. లోపల చెయ్యంత లావు మొద్దు ఉంటే అది మొక్క కాదు, చెట్టు. ఏటా నరికించుకుంటూ, కొరికించుకుంటూ ఇంకా చావకుండా ఉన్న చెట్టు.

ఆఫ్రికాలో నైజర్ దేశంలో ఇదే జరిగింది. టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా ఆయన 1980ల మొదట్లో మరాడి ప్రాంతంలో మొక్కలు నాటించేవాడు. నాటినవి నాటినట్టే చచ్చిపోయేవి. ఒకరోజు ఇసుకలో బండి దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించడానికి ఆగి, పక్కనున్న పొదను దగ్గరగా చూశాడు. పొద అనుకున్నది నరికేసిన చెట్టు మొద్దు చిగురు. అలాంటివి చేలల్లో లక్షలు ఉన్నాయని అప్పుడు తెలిసింది. నాటడం మానేసి, ఒక్కో మొద్దు మీద గట్టి కొమ్మలు నాలుగైదు ఉంచి మిగతావి కోసెయ్యమని రైతులకు చెప్పాడు. ఇరవై ఏళ్లలో దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి లేచాయి. 2018లో ఆయనకు రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు ఇచ్చారు. అక్కడి వాన మన అనంతపురం కంటే ఎక్కువేమీ కాదు.

లెక్కపెట్టి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఎర్రనేల | మే 23

తంగేడు గారూ, నాలుగు రోజులు తిరిగాను. నోటుబుక్కులో గీతలు పెట్టుకున్నాను. చిగర చెట్టు మొద్దులు 61, రేగు 140 దాటి లెక్క వదిలేశాను, బలుసు 38, నారేపి 4, వేప 23, మోదుగ వంక దగ్గర ఒక వరస. తంగేడు ఎటు చూసినా ఉంది.

ఒక నారేపి సంగతి చెప్పాలి. పడమటి గట్టు మీద, నా మోకాలి ఎత్తు కూడా లేదు. మన్ను తీస్తే మొద్దు నా తొడంత ఉంది, దాని మీద పాత గొడ్డలి గాట్లు నల్లగా. అమ్మను పిలిచి చూపిస్తే కాసేపు చూసి, "మీ తాత ఎద్దుల్ని దీని కిందనే కట్టేవాడు" అంది. నేను దాన్ని చిన్నప్పటి నుంచీ తొక్కుకుంటూ తిరిగాను.

నీటిలెక్క | మే 24

రిటైరైన నీటిపారుదల మనిషిని. అందరూ చెట్ల గురించే చెబుతున్నారు, నేను నీళ్ల గురించి చెబుతాను.

ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 40 వేల లీటర్లు. ఉమ్మడి అనంతపురంలో ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దరిదాపు. అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు, మీ తొమ్మిదెకరాలకు సుమారు 2 కోట్ల లీటర్లు. మీ నాయన ఆరువందల అడుగుల కింద వెతికిన నీళ్లు ఏటా పైనుంచే వచ్చి పోతున్నాయి బాబూ. ఆ పరుగును ఆపితే చాలు.

సమతల గీత (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత) వెంట కందకాలు తీయండి, పైనుంచి కిందికి వరసలుగా. ఒక్కోటి పన్నెండు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. అందులో వెయ్యి లీటర్లు పడతాయి. ఒక వరసలో ఖాళీ వచ్చిన చోట కింది వరసలో కందకం రావాలి, అప్పుడు తప్పించుకున్న నీరు కింద దొరుకుతుంది. తీసిన మన్ను దిగువ వైపే పోయాలి. ఎగువన పోస్తే మొదటి వానకే తిరిగి గుంటలో పడుతుంది. ఈ తప్పు చాలాచోట్ల చూశాను.

సమతల గీతకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఆరడుగుల కర్రలు రెండు పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర కట్టండి. పైముడి నుంచి దారానికి రాయి వేలాడదీయండి. చదునైన నేల మీద నిలబెట్టి దారం అడ్డకర్రను తాకే చోట గీత పెట్టుకోండి, కాళ్లు తారుమారు చేసి ఇంకో గీత పెట్టండి, రెండింటి నడిమి చోటే మీ గుర్తు. చేలో దారం ఆ గుర్తు మీదికి వచ్చినప్పుడల్లా రెండు కాళ్ల దగ్గరా సున్నం వేసుకుంటూ పోండి. పిల్లలు కూడా చేస్తారు. కూలీ ఖర్చుకు ఉపాధి హామీ కింద మీ సొంత భూమిలో పనులకు వీలుందేమో పంచాయతీలో అడగండి.

చిన్న వాగులు కోసిన చోట చెక్ డ్యాములు కట్టించకండి. అక్కడే దొరికే గుండ్లతో మోకాలి ఎత్తు రాతి కట్టలు పేర్చండి. సిమెంటు వద్దు. నీరు రాళ్లలోంచి మెల్లగా కారాలి, మన్ను వెనక నిలవాలి.

మందకాపరి | మే 26

ఈ చర్చ చదివి బాధేసింది, అందుకే రాస్తున్నా. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. మీరు ముందు చేసే పని కంచె వేయడం, నాకు తెలుసు. మా ఊళ్లో చిన్నప్పుడు మేం మేపిన కొండకు ఇప్పుడు కంచె ఉంది. అడవి పెంచుతున్నామన్నారు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. మా నాయన మందను తోలుకుని నలభై కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది. నేల పాడవడానికి గొర్రెలే కారణమని అందరూ అంటారు. ముప్పై ఏళ్లు ఏటవాలు నేలను దున్నింది గొర్రెలా?

ఎర్రనేల | మే 26

అన్నా, మీ మాట నిజం. దున్నింది మేమే. మా చేను మీదుగా రెండు మందలు పోతాయి, వాళ్లను నేను ఇంతవరకు అడగలేదు. ఎలా చేస్తే బాగుంటుందో మీరే చెప్పండి.

మందకాపరి | మే 27

అడిగారు కాబట్టి చెబుతా. గొర్రె గడ్డి మేస్తుంది, మేక చిగురు కొరుకుతుంది. రెంటినీ ఒకటిగా చూడొద్దు. మొదటి మూడేళ్లు మేకల్ని రానివ్వకండి. గొర్రెల్ని కూడా వానలు మొదలైనప్పటి నుంచి గడ్డి గింజ రాలే దాకా ఆపండి. బదులుగా గడ్డి కోసుకుపోనివ్వండి. కొడవలితో కోస్తే దుబ్బు మిగులుతుంది. సంక్రాంతి తర్వాత ఎండు గడ్డి మీద మందను వదలండి, రాత్రి మీ చేలోనే మంద నిలపండి. ఎరువు మీకు, మేత మాకు. మా తాతలకు మంద నిలిపినందుకు గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. దారి మాత్రం మూయొద్దు. పది గజాల బాట వదిలి రెండు పక్కలా కిత్తనార, గచ్చకాయ పెట్టుకోండి, ముళ్ల తీగ అక్కర్లేదు.

ముందే వాళ్లతో కూర్చుని మాట్లాడండి. మాట ఇచ్చినవాడు రాత్రిపూట దొంగతనంగా మేపడు.

గడ్డిపిట్ట | మే 29

పై పోస్టును రెండుసార్లు చదివాను. ధన్యవాదాలు.

నేను పక్షులు చూస్తూ తిరుగుతాను. ఒక్కటే విన్నపం, గడ్డి ఉన్న చోట దయచేసి చెట్లు నింపకండి. చెట్లు లేకపోతే నేల పాడైందనుకోవడం మనకు అలవాటైపోయింది. నంద్యాల జిల్లా రోళ్లపాడు చూడండి. బట్టమేక పక్షి కోసమే 1988లో అభయారణ్యం చేశారు. అది నేల మీద ఒకే ఒక గుడ్డు పెడుతుంది, చుట్టూ దూరం దాకా కనబడితేనే నిలబడుతుంది. ఒకప్పుడు గుంపులుగా తిరిగిన చోట ఇప్పుడు దాన్ని చూశామనేవాళ్లు అరుదైపోయారు. కలివి కోడి సంగతీ అంతే. పూర్తిగా అంతరించిందనుకున్న పక్షి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. దానికి కావలసింది మరీ దట్టమూ కాని, మరీ బోడీ కాని ముళ్ల పొదల అడవి. పొదలు నరికేసినా ఉండదు, ఖాళీలు లేకుండా మొక్కలు కుక్కినా ఉండదు.

మీ చేలో పై మూడెకరాలు గరుసు ఎక్కువ అంటున్నారు కదా. అక్కడ బోద, చీపురు గడ్డి రానివ్వండి, చాలు. గౌజు పిట్టలు మొదటి ఏడాదే వస్తాయి.

మడతీరం | మే 30

మాది కాకినాడ వైపు. పొడి నేలల గురించి నాకు తెలియదు కానీ ఒక పోలిక చెప్పాలనిపించింది. కోరింగలో మడ అడవి నరికిన చోట్ల నేల కుంగి, ఆటుపోటు నీళ్లు వచ్చి పోయే దారి మూసుకుపోయి, నిలిచిన నీరు ఎండి ఉప్పు తేలింది. అక్కడ ఏం నాటినా బతకలేదు. తర్వాత స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు, అటవీ శాఖ, ఊళ్ల కమిటీలు కలిసి చేపముల్లులా కాలువలు తవ్వారు. నడుమ పెద్ద కాలువ, రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు నీళ్లు లోపలికొచ్చి ఉప్పును కడిగేశాయి. అప్పుడు నాటిన తెల్లమడ నిలిచింది, నాటనివి కూడా నీళ్లతో కొట్టుకొచ్చి మొలిచాయి. మీకు నీళ్లను ఆపాలి, మాకు వదలాలి. అంతే తేడా.

చెన్నేకొత్తపల్లి దారి | జూన్ 1

ఎర్రనేల గారూ, మీకు రెండు గంటల దూరంలోనే ఊళ్ల జనం కాపాడుకున్న కల్పవల్లి అడవి ఉంది, ముందు అక్కడికి వెళ్లి రండి. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొని మొదలుపెట్టారు. ఆ తర్వాత ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్ల జనంతో కలిసి 7 వేల ఎకరాలకు పైగా గుట్టల్ని కాపాడారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నర్సరీ చూపిస్తారేమో అనుకున్నాను. వాళ్లు చూపించింది ఫైర్ లైన్లు, అంటే మంట పాకకుండా గడ్డి తీసేసిన పట్టీలు. చాలావరకు నాటింది కాదు, మంట పెట్టనివ్వకుండా, నరకనివ్వకుండా కాపలా కాస్తే తనంతట వచ్చింది. వంకల వెంట ఈతచెట్లు వేలల్లో లేచాయి. కల్లు గీసేవాళ్లకు, చీపుర్లు కట్టే ఆడవాళ్లకు పని దొరికింది. కింద చెరువులకు ఊట పెరిగింది. తోడేళ్లు తిరుగుతున్నాయి.

ఒక బాధ కూడా చెప్పాలి. కాగితాల్లో ఆ నేల రెవెన్యూ బంజరు. ఏళ్ల తరబడి ఊళ్లు కాపాడినా దస్తావేజుల్లో అది పనికిరాని భూమే. అందుకే గాలిమరలు వచ్చినప్పుడు కొండల నడుమ వెడల్పాటి రోడ్లు కోసేశారు, ఆ మన్ను వంకల్లోకి దిగింది. మీది పట్టా భూమి కాబట్టి ఆ భయం లేదు. కానీ మీ పైన ఉన్న కొండ ఎవరిదో సర్వే నంబరు చూసి పెట్టుకోండి. నీళ్లు వచ్చేది అక్కడి నుంచే.

పచ్చతోరణం | జూన్ 2

తంగేడు గారూ, నిజంగా చాలా నేర్చుకున్నాను. స్పాన్సర్ల మాట అలాగే ఉంది, డబ్బును కందకాలకు, కాపలా మనిషి జీతానికి మళ్లిద్దాం. మరి సర్కారు తుమ్మ? దాన్నయినా జేసీబీతో తీయించొచ్చు కదా?

గట్టుమీది తంగేడు | జూన్ 2

ఒక్కసారిగా వద్దు. జేసీబీ నేలను తిరగేస్తే అడుగున నిద్రపోతున్న గింజలన్నీ లేస్తాయి, మరుసటి ఏడాది రెట్టింపు తుమ్మ, దాని మధ్య వయ్యారిభామ. ఏడాదికి ఎకరం చొప్పున, చేత్తో తీయించండి. నేల మట్టానికి నరికితే మళ్లీ చిగురుస్తుంది. మొదలు చుట్టూ జానెడు లోతు తవ్వి, వేరు మెడ కింద కొట్టాలి. కాయలు పండకముందే ఆ పని కావాలి, లేదంటే మేకలు తిని విత్తనాన్ని ఊరంతా చల్లుతాయి. నరికిన కంపను కందకాల కట్టల మీద, నారేపి మొద్దుల చుట్టూ కప్పండి.

నీటిలెక్క | జూన్ 3

ఇక్కడ నాది వేరే అభిప్రాయం. వంక పక్కనున్న తుమ్మను ముట్టుకోవద్దు. ఆ ఒడ్డును పట్టుకుని ఉన్నది ఇప్పుడు అదొక్కటే.

గట్టుమీది తంగేడు | జూన్ 3

సరే, ఒప్పుకుంటాను. వంక ఒడ్డుది అన్నిటికన్నా చివర. దాని నీడలో పిట్టలు వేసిన వేప, రేగు మొలకలు నడుము ఎత్తు వచ్చాకే.

విత్తనాల మాట మరిచాను. కందకం కట్టల మీద తంగేడు, కానుగ, సీతాఫలం గింజలు నేరుగా వేయండి, మధ్యలో ఉలవలు చల్లండి. వేప గింజ రాలిన రెండు మూడు వారాలకే మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది, దాచిపెట్టొద్దు. ఏరినది ఏరినట్టే నాటాలి.

ఎర్రనేల | అక్టోబరు 19

ఇన్నాళ్లు రాయనందుకు క్షమించండి. పని ఎక్కువైంది.

జూన్‌లో రెండు మందల వాళ్లతో మా ఇంట్లో కూర్చున్నాం. మందకాపరి అన్న చెప్పినట్టే బాట వదిలాం. ఒకరు వెంటనే ఒప్పుకున్నారు, ఇంకొకరు ఒప్పుకోలేదు. ఆయన మేకలు ఆగస్టులో రెండుసార్లు దిగాయి, ఇరవై దాకా చిగర చిగుళ్లు పోయాయి. మళ్లీ మాట్లాడుతున్నాను. కందకాలు 212 అయ్యాయి. అందులో ఒక వరస నేనే తప్పు కొట్టాను, నీళ్లన్నీ ఒక కొసకు చేరి గండి పడింది. నీటిలెక్క గారికి ఫోటో పంపితే దారం రాయి గాలికి ఊగుతుంటే కొలిచానని కనిపెట్టారు.

ఆరుద్ర కార్తెలో పడిన వానకు కందకాల పక్కన ఆరుద్ర పురుగులు వచ్చాయి. ఎర్రగా, ముఖమల్ గుడ్డ ముక్కల్లా. మా పాప అరచేతిలో పెట్టుకుని అమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఈ చేలో వాటిని చూసి ఎన్నేళ్లయిందో అమ్మ చెప్పలేకపోయింది.

గత వారం వాన పడిన మర్నాడు గడ్డపార దింపి చూశాను. కందకం దిగువన మోచేతి లోతు దాకా తడి ఉంది. కందకాలు లేని చోట నాలుగు వేళ్లే. గడ్డి పై మూడెకరాల్లో మోకాలి దాకా వచ్చింది. గౌజు పిట్టలు పొద్దున్నే అరుస్తున్నాయి, గడ్డిపిట్ట గారూ, మీరన్నట్టే. పడమటి గట్టు నారేపి మీద మూడు కొమ్మలు ఉంచాను. పెద్దది ఇప్పుడు నా భుజం దాటింది.

గడ్డి ఎండితే మంట భయం. సంక్రాంతికి మంద వచ్చేలోపు చుట్టూ ఫైర్ లైను గీయాలి, పన్నెండడుగుల వెడల్పు. జనవరి మొదటి ఆదివారం అనుకుంటున్నాం. వీలున్నవాళ్లు రండి. మధ్యాహ్నం సంగటి, బుడ్డల చట్నీ మా ఇంట్లోనే.

మందకాపరి | అక్టోబరు 20

నేను వస్తా. కొడవలి నాది తెచ్చుకుంటా. ఒప్పుకోని ఆ పెద్దాయన ఏ ఊరో మెసేజ్ పెట్టండి, ముందు రోజే వచ్చి ఆయనతో నేను కూర్చుంటా.